ఐదు తలుపుల జిమ్నీ: తోటకూ ఊరికీ ఒకే బండిగా సరిపోతుందా?

కాఫీతోట

సభ్యులకు నమస్కారం. నేను విశాఖపట్నంలో ఉంటాను. మా కాఫీ, మిరియాల తోట పాడేరు ఘాటు ఎక్కాక లోపలికి ఉంది. తారురోడ్డు ముగిసిన చోటి నుంచి తోట గేటు వరకు ఎర్రమట్టి బాట, దాని మధ్యలో ఒక చిన్న గెడ్డ (వాగు), గెడ్డ దాటగానే వానాకాలంలో మట్టి కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలే నిట్టనిలువు దారి ఉన్నాయి. ఇంతవరకు కారును రోడ్డు పక్కన వదిలి సర్వీసు జీపులో లోపలికి వెళుతున్నాము. పండు కోత మొదలయ్యాక ఈ ఏర్పాటు ఏమాత్రం సాగడం లేదు.

రెండు బండ్లు పెట్టుకునే స్తోమత నాకు లేదు. కాబట్టి వారమంతా నగరంలోను, వారాంతంలో తోటకు, అప్పుడప్పుడు కుటుంబంతో హైదరాబాదుకు ఒకే బండి నడవాలి. మా అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి. మారుతి సుజుకి వారి ఐదు తలుపుల జిమ్నీ మీద మనసు పడింది. అయితే దాన్ని మెచ్చుకునేవారూ తీసిపారేసేవారూ ఒకే బండి గురించి మాట్లాడుతున్నారా అనిపించేంత తేడా వారి మాటల్లో కనిపిస్తోంది. ఏ గుణం ఏ కారణం వల్ల వచ్చింది, ఏ లోపాన్ని సరిచేసుకోవచ్చు, ఏది పుట్టుకతో వచ్చింది అన్నది తెలిసినవారు వివరంగా రాయగలరని మనవి.

మెకానికల్ మాస్టారు

పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని కనుక కొంచెం పొడుగ్గా రాస్తాను, సభ్యులు ఓర్చుకోవాలి.

జిమ్నీ వంశం 1970లో జపానులో వచ్చిన ఎల్‌జే10తో మొదలైంది. మనవాళ్లకు అది పరిచయమైంది మాత్రం జిప్సీ రూపంలో. ఎస్‌జే410 అనే తరం బండిని కొంచెం పొడవు చేసి 1985లో మారుతి ఇక్కడ జిప్సీగా విడుదల చేసింది. సైన్యం, పోలీసు, అటవీ శాఖలు దాన్ని విరివిగా వాడాయి. మామూలు కొనుగోలుదారులకు దాని అమ్మకం 2019 వరకు సాగింది. ఆదిలాబాదుకు ఆనుకుని ఉన్న తాడోబా అడవిలో సందర్శకులను పులుల దగ్గరకు తీసుకెళ్లే బండి చాలాకాలం అదే. 2023 జనవరిలో ఆటో ఎక్స్‌పోలో చూపించి, జూన్‌లో అమ్మకానికి పెట్టిన ఐదు తలుపుల జిమ్నీ ఆ వంశపు తాజా కొమ్మ.

ఇంతకాలం మారని విషయాలు మూడు: బాడీకి కింద విడిగా నిలబడే, నిచ్చెన ఆకారపు ల్యాడర్ చాసీ, ముందూ వెనకా ఒకే దూలంలా ఉండే రిజిడ్ యాక్సిళ్లు, ఇంజిను శక్తిని ముందూ వెనకా యాక్సిళ్లకు పంచే, లో గేరు ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు. జిప్సీకి ఉన్న కమాన్ పట్టీల స్థానంలో కాయిల్ స్ప్రింగులు వచ్చాయి, అంతే. ఈ రోజుల్లో మహీంద్రా వారి కొత్త థార్‌కు కూడా ముందు చక్రాలు వేటికవి విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షనే ఉంది. వెనక మాత్రమే రిజిడ్ యాక్సిల్.

రిజిడ్ యాక్సిల్ వల్ల లాభమేమిటో చూడండి. ఒక చక్రం రాయి ఎక్కినప్పుడు ఆ దూలం మొత్తం వాలుతుంది, వాలేటప్పుడు అవతలి చక్రాన్ని కిందికి నొక్కుతుంది. అంటే గాలిలో తేలవలసిన చక్రం నేలను పట్టుకుంటుంది. పైగా స్ప్రింగులు ఎంత నలిగినా యాక్సిల్‌కూ నేలకూ మధ్య దూరం మారదు. ఇండిపెండెంట్ సస్పెన్షన్ బండిలో నలుగురు కూర్చుని ఎగుడుదిగుడులో పడితే, నడుమ భాగం కిందికి దిగి అడుగు తగులుతుంది. మీ గెడ్డ అవతలి ఎత్తు లాంటి చోట ఈ గుణం నేరుగా పనికొస్తుంది.

ఇక లో గేరు. మాన్యువల్ బండి మొదటి గేరు నిష్పత్తి 4.425, ట్రాన్స్‌ఫర్ కేసు లో నిష్పత్తి సుమారు 2, డిఫరెన్షియల్ (ఒక యాక్సిల్ మీది రెండు చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) 4.09. వీటిని గుణిస్తే 36 దాటుతుంది. ఇంజిను 36 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందన్నమాట. 134 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం) మాత్రమే ఇచ్చే 1,462 సీసీ పెట్రోలు ఇంజినుతో ఈ బండి నిట్టనిలువు దారులు ఎలా ఎక్కుతుందన్న ప్రశ్నకు జవాబు ఈ గుణకారంలోనే ఉంది. క్లచ్ కాల్చనవసరం లేదు, యాక్సిలరేటరు తొక్కి ఉరకనవసరం లేదు. మనిషి నడక కన్నా మెల్లగా రాయి తరవాత రాయి ఎక్కించవచ్చు.

లోపాలు కూడా ఇదే నిర్మాణంలోంచి వచ్చాయి. దూలం బరువైనది, అది స్ప్రింగుకు కింద ఉంటుంది కనుక చిన్న గుంతలో ఒక పక్క చక్రం పడినా రెండో పక్కకు ఆ కుదుపు చేరుతుంది. తలలు అటూ ఇటూ ఊగుతాయి. స్టీరింగు కూడా పాత పద్ధతి రీసర్క్యులేటింగ్ బాల్ రకమే. రాయి దెబ్బ చేతికి తగలకుండా అది కాపాడుతుంది, కానీ అదే కారణంగా రోడ్డు మీద చక్రం ఎటు చూస్తున్నదో చేతికి స్పష్టంగా తెలియదు, మలుపు తరవాత స్టీరింగు తనంతట తాను నెమ్మదిగానే తిరిగి వస్తుంది. వీటిని ఏ షెడ్డులోనూ బాగుచేయించలేరు, బాగుచేస్తే అది జిమ్నీ కాదు.

హైవే బాటసారి

మాస్టారి వివరణ బాగుంది, కానీ ప్రశ్న వేసిన వారి వాడకంలో రాళ్ల ఎత్తు ఎంత భాగమో కూడా లెక్కించాలి కదా. నెలలో నడిచే కిలోమీటర్లలో అది నూటికి ఒకటో రెండో ఉంటుంది. మిగిలినదంతా బీచ్ రోడ్డు, గాజువాక ట్రాఫిక్కు, జాతీయ రహదారి.

మాస్టారు చెప్పిన గేర్ల లెక్కనే రహదారికి వర్తింపజేయండి. ఐదో గేరు నిష్పత్తి 1, ఆరో గేరు లేదు. టైరు చుట్టుకొలత ప్రకారం చూస్తే 100 కిలోమీటర్ల వేగంలో ఇంజిను నిమిషానికి సుమారు 3,100 చుట్లు తిరుగుతుంది. ఆ మోత వింటూ హైదరాబాదు వరకు ఆరు వందల కిలోమీటర్లు పైగా కూర్చోవాలి. 105 పీఎస్ శక్తి కాగితం మీద చాలినట్టే కనిపిస్తుంది, కానీ ఎదురుగాలిలో ఆ పెట్టె ఆకారాన్ని నెట్టుకుంటూ, ముందున్న లారీని దాటాలంటే గేరు దించి, ఖాళీ కోసం కాచుకుని దాటవలసిందే. పక్కగాలి వీచే చోట స్టీరింగును సరిచేస్తూనే ఉండాలి. 40 లీటర్ల టాంకు కనుక మధ్యలో బంకు తప్పదు. వెనక సీట్లు వాడుకలో ఉంటే డిక్కీ 208 లీటర్లే, రెండు పెద్ద సూట్‌కేసులు పెడితే నిండిపోతుంది. సీట్లు నాలుగే. వెనక బ్రేకులు డ్రమ్ములే.

2023లో ఎక్స్ షోరూమ్ ధర 12.74 లక్షలతో మొదలై 15 లక్షలు దాటింది. అదే డబ్బుకు ఐదుగురు హాయిగా కూర్చునే, పెద్ద డిక్కీ ఉన్న, రహదారిపై నిశ్శబ్దంగా సాగే మోనోకాక్ (విడిగా చాసీ లేక బాడీయే బరువు మోసే) బండ్లు ఉన్నాయి. పొడవు 4 మీటర్లలోపే ఉన్నా పెట్రోలు ఇంజిను 1,200 సీసీ దాటింది కాబట్టి చిన్న కార్లకిచ్చే పన్ను వెసులుబాటు దీనికి వర్తించదు. ఎక్కువ పన్ను కట్టి తక్కువ స్థలం కొనుక్కోవడం నాకు అర్థం కాని సంగతి. తోట దగ్గర సర్వీసు జీపు ఉండనే ఉంది. కోత కాలంలో దాన్నే నెలసరి మాట్లాడుకోవడం చవక.

రేగడినేల

ఆదిలాబాదు నుంచి రాస్తున్నాను. మాది పత్తి చేను, నల్లరేగడి. నా దగ్గర ఉన్నది డీజిలు థార్ ఫోర్ బై ఫోర్, మా తోడల్లుడి దగ్గర ఉన్నది జిమ్నీ. వానాకాలంలో రెండింటినీ ఒకే గట్టు మీద నడిపినవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

నా బండి ఇంజిను 300 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, అదీ తక్కువ చుట్లలోనే. బరువు లాగడంలో, ట్రాలీ తగిలించడంలో జిమ్నీ దాని ముందు నిలవదు. కానీ నా బండి బరువు 1,700 కిలోలు దాటింది, జిమ్నీ 1,200 కిలోల దగ్గర ఆగింది. తడిసిన రేగడిలో ఈ తేడా ఎంత పెద్దదో రోడ్డు మీద నడిపేవారికి తెలియదు. రేగడి మట్టి తడిస్తే టైరు గాళ్లలో ముద్దగా పట్టేసి, టైరు మొత్తం నున్నగా తయారవుతుంది; అప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా నాలుగు నున్నని గుండ్రాలు తిరుగుతున్నట్టే. బరువైన బండి అక్కడ తన బరువుతో తానే దిగబడుతుంది. తేలికైన బండి పైపొర మీదుగా, కొంచెం జారుతూనే, అవతలికి చేరుతుంది. దిగబడినా నలుగురు కూలీలు నెడితే జిమ్నీ బయటికొస్తుంది. నా దానికి ట్రాక్టరు రావాలి.

ట్రాక్టరు అన్నాను కనుక ఒక జాగ్రత్త చెప్పాలి. పల్లెల్లో దిగబడిన బండిని లాగడానికి వచ్చినవాళ్లు ఇనుప గొలుసును చేతికి ఏది అందితే దానికి చుడతారు. రిజిడ్ యాక్సిల్ బండి కింద ముందు భాగంలో అడ్డంగా రెండు కడ్డీలు కనిపిస్తాయి. ఒకటి చక్రాలను కలిపే స్టీరింగు కడ్డీ, రెండోది యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టుకునే కడ్డీ. బురదలో వంగి చూసేవాడికి గొలుసు తగిలించడానికి అవే వీలుగా కనిపిస్తాయి. స్టీరింగు కడ్డీకి గొలుసు చుట్టి ట్రాక్టరు లాగిందంటే అది విల్లులా వంగుతుంది, బండి ఎటూ తిరగదు. మా ఊళ్లో ఒక బండికి ఈ గతి పట్టడం కళ్లారా చూశాను. చాసీకి ఉన్న టోయింగ్ హుక్కు ఎక్కడుందో మీ తోట మేస్త్రీకి ముందే చూపించి ఉంచండి.

సుజాత_విశాఖ

కాఫీతోట గారూ, నగరం సంగతి నేను చెబుతాను. ఎంవీపీ కాలనీ నుంచి జగదాంబ వరకు రోజూ ఆటోమేటిక్ జిమ్నీ నడుపుతాను.

వెడల్పు 1,645 మిల్లీమీటర్లే. థార్ వెడల్పు 1,820. ఈ తేడా సందులో ఎదురుగా ఆటో వచ్చినప్పుడు తెలుస్తుంది, ఘాటులో ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. అద్దాలు నిటారుగా, బానెట్టు చదునుగా ఉండడం వల్ల బండి నాలుగు మూలలూ కూర్చున్న చోటి నుంచే కనిపిస్తాయి. వాన నీరు తలుపు తీయగానే నెత్తిన పడకుండా టాపు అంచున పాతకాలపు కాలువ ఉంది, ఈ మధ్య కార్లలో అది మాయమైంది. పార్కింగు విషయంలో నాకు ఎన్నడూ ఇబ్బంది కలగలేదు.

మీ అమ్మగారి విషయం ఆలోచించాలి. నేల నుంచి 210 మిల్లీమీటర్ల ఎత్తున్న బండి కనుక సీటు ఎత్తులోనే ఉంటుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి కిందికి కూలబడి లేవవలసిన చిన్న కారు కంటే ఇది ఒక విధంగా నయం, కానీ ఎక్కేటప్పుడు మొదటి అడుగు కష్టం. వెనక తలుపు సన్నగా ఉంటుంది, కాలు తిప్పి లోపల పెట్టడానికి చోటు తక్కువ. ఆవిడను ముందు సీట్లోనే కూర్చోబెట్టడం మంచిది. ఫుట్‌స్టెప్పు బిగిస్తే సరిపోతుందని షోరూములో చెబుతారు, బిగించుకోవచ్చు కూడా. అయితే అది పక్కన కిందికి వేలాడుతుంది కనుక మీ రాళ్ల దారిలో మొదట తగిలేది అదే. విడిగా చిన్న మడత స్టూలు ఒకటి బండిలో పెట్టుకోవడమే మేలు.

మెల్‌బోర్న్ తెలుగు

ఇదే ఐదు తలుపుల బండి భారతదేశం నుంచి వచ్చి ఇక్కడ ఆస్ట్రేలియాలో జిమ్నీ ఎక్స్‌ఎల్ పేరుతో అమ్ముడవుతోంది. జపానులో 2025 జనవరి చివర నోమాడ్ పేరుతో ప్రకటించగానే కొద్ది రోజుల్లోనే 50,000 దాకా ఆర్డర్లు వచ్చి, బుకింగులు ఆపవలసి వచ్చింది. దీన్ని బట్టి బండి గొప్పదని నేను వాదించను. ఇక్కడ చాలామంది దీన్ని రెండో బండిగా, సెలవుల బండిగా కొంటారు. భారతదేశంలో ఇంటికంతటికీ ఒకే బండి కావాలనుకునేవారు దీన్ని పరీక్షిస్తున్నారు, కనుక అక్కడి తీర్పు కఠినంగా ఉండడం న్యాయమే.

ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని లోపం ఒకటుంది. బండి సొంత బరువు, అందులోని మనుషులు, సామాను కలిపి మొత్తం 1,545 కిలోలు దాటకూడదు. అంటే మోయగలిగేది సుమారు 340 కిలోలు. నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటే 280 వరకు అక్కడే అయిపోతుంది. మీరు కోత కాలంలో కాఫీ బస్తాలు వేయాలనుకుంటే ఈ లెక్క ముందే వేసుకోండి. ఇక్కడివాళ్లు టాపు మీద గుడారం, వెనక ఫ్రిజ్, ముందు ఇనుప బంపరు బిగించి, పరిమితి దాటిన సంగతి గ్రహించక, బ్రేకులు ఆలస్యంగా పడుతున్నాయని, పెట్రోలు ఎక్కువ తాగుతోందని నిందిస్తుంటారు. ఈ బండి బలమంతా తేలికదనంలో ఉంది. దానిమీద బరువు పెంచుకుంటూ పోతే మిగిలేది బలహీనమైన ఇంజినే.

టైరు గాలి తగ్గించడం కూడా నేర్చుకోండి. ఇసుకలోనూ మెత్తటి మట్టిలోనూ గాలి 18 పీఎస్‌ఐ వరకు దించితే టైరు అడుగు పొడవుగా పరుచుకుని పట్టు పెరుగుతుంది. తారురోడ్డు ఎక్కేముందు తిరిగి నింపాలి, అందుకు బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసరు బండిలో ఉండాలి.

కాఫీతోట

అందరికీ కృతజ్ఞతలు. బస్తాలకు వేరే ఆటో ట్రాలీ ఉంది, బండిలో మనుషులే ఉంటారు. రెండు సందేహాలు మిగిలాయి. గెడ్డలో మామూలు రోజుల్లో నీరు పాదం మునిగేంత ఉంటుంది, వానాకాలంలో మోకాలి పైకి వస్తుంది. జిమ్నీతో దాటవచ్చా? రెండోది, థార్‌లోను ఫోర్స్ వారి గూర్ఖాలోను డిఫరెన్షియల్ లాకు ఉంది కదా, జిమ్నీలో లేకపోవడం ఎంత పెద్ద లోటు?

రేగడినేల

నీటి విషయంలో జిమ్నీ వెనకబడిందనే చెప్పాలి. థార్‌కు కంపెనీ చెప్పే లోతు 650 మిల్లీమీటర్లు, ఫోర్స్ గూర్ఖాకు 700, దానికి గాలి పైనుంచి పీల్చే గొట్టం కంపెనీవాళ్లే బిగించి ఇస్తారు. జిమ్నీది 300 దగ్గరే. మోకాలి పైకి నీరుంటే అది జిమ్నీ దాటవలసిన గెడ్డ కాదు.

మెకానికల్ మాస్టారు

రేగడినేల గారి మాటకు ఒకటి జోడించాలి. కంపెనీలు చెప్పే లోతు నిలిచిన నీటికి మాత్రమే వర్తిస్తుంది. పారే నీటిలో లోతు కన్నా వేగం ప్రమాదం. తలుపులు మూసిన బండి నీటిలో పడవలాగే తేలడానికి చూస్తుంది; నేలమీద చక్రం పట్టు ఆ మేరకు తగ్గుతుంది. 60 సెంటీమీటర్ల ప్రవాహం చాలా కార్లను లేపి తీసుకుపోగలదు, తేలిక బండికి అంతకూడా అక్కరలేదు. బురదలో మీకు మేలు చేసిన 1,200 కిలోల బరువే వరద నీటిలో కీడు చేస్తుంది. ఏటా వానాకాలంలో మన రెండు రాష్ట్రాల్లోను లోలెవెల్ వంతెనల మీద కొట్టుకుపోయే బండ్లు ఎక్కువగా ఆ దారి బాగా తెలిసినవారివే. గెడ్డ ఎర్రగా పారుతుంటే ఏ బండి ఉన్నా ఇవతలే ఆగండి.

ఇక డిఫరెన్షియల్ సంగతి. ఒక యాక్సిల్ మీది రెండు చక్రాల్లో ఒకటి గాలిలో తేలితే, మామూలు డిఫరెన్షియల్ శక్తినంతా ఆ ఖాళీ చక్రానికే పంపుతుంది. గూర్ఖాలో లీవరు లాగితే రెండు చక్రాలూ కలిసి తిరిగేలా ముందూ వెనకా విడివిడిగా లాకులు పడతాయి. థార్‌లో వెనక యాక్సిల్‌కు, ఏ వేరియంటులో ఆ సౌకర్యం ఇస్తే దానిలో, వేగాల్లో తేడా రాగానే తనంతట తాను పడే లాకు ఉంది. జిమ్నీలో లాకు లేదు. దాని బదులు, వట్టిగా తిరుగుతున్న చక్రానికి బ్రేకు వేసి, శక్తిని అవతలి చక్రానికి మళ్లించే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంది.

ఈ రెండింటికీ నడపడంలో తేడా ఉంది. లాకు ఉన్నప్పుడు మెల్లగా, చక్రం జారకుండానే ఎక్కవచ్చు. బ్రేకుతో పనిచేసే ఏర్పాటుకు చక్రం ముందు కొంచెం జారాలి, అప్పుడుగాని అది మేలుకోదు. కొత్తవారు చక్రం జారగానే భయపడి యాక్సిలరేటరు వదిలేస్తారు, ఎక్కలేదంటారు. 4ఎల్‌లో (నాలుగు చక్రాలకూ లో గేరు) పెట్టి, అదే ఒత్తిడితో ఒకటి రెండు క్షణాలు పట్టి ఉంచితే కింద నుంచి బ్రేకు కటకటమని పట్టుకోవడం వినిపిస్తుంది, ఆ వెంటనే బండి కదులుతుంది. మీరు వర్ణించిన ఎత్తుకు ఇది చాలు. రోజంతా బండరాళ్ల మీద పోటీలు నడిపేవారికి మాత్రం చాలదు.

మరొక మాట. దీని ఫోర్ వీల్ డ్రైవ్ పార్ట్‌టైము రకం, నడుమ డిఫరెన్షియల్ లేదు. పొడి తారురోడ్డు మీద 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ మామూలు గేరు) మలుపులు తిప్పితే ముందూ వెనకా యాక్సిళ్లు ఒకదానితో ఒకటి పెనుగులాడి బండి బిగుసుకుంటుంది, గేర్లకు దెబ్బ. ఘాటులో వాన పడుతున్నది కదా అని పైకి వెళ్లేంతవరకు దాన్ని వేసి ఉంచకండి, జారే నేల వచ్చాకే వేయండి. 4ఎల్‌కు మాత్రం బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి మార్చాలి.

హైవే బాటసారి

ఇన్ని నియమాలు పాటించగలిగే ఇంటివాళ్లు ఎందరు? బండిని భార్యాభర్తలు, పిల్లలు, డ్రైవరు అందరూ నడుపుతారు. వెనక రెండు చక్రాలకే శక్తి అందే థార్ అంతగా అమ్ముడవుతున్నది కూడా ఇందుకే, అది సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

రేగడినేల

అక్కడ నేను పూర్తిగా విభేదిస్తాను. 2023లో వచ్చిన ఆ రెండు చక్రాల థార్ చూపుకు అదే బండి, ధరా తక్కువే, కాదనను. కానీ ల్యాడర్ చాసీ బరువు, కుదుపు, వెనక సీటు ఇరుకు అన్నీ భరిస్తూ, వాటిని భరించడానికున్న ఏకైక కారణమైన ట్రాన్స్‌ఫర్ కేసును వదులుకోవడంలో నాకు తర్కం కనిపించదు. తారురోడ్డే మీ దారి అయితే మోనోకాక్ కొనండి, హాయిగా ఉంటుంది. ఈ జాతి బండి కొంటే లో గేరు ఉన్నదే కొనండి.

సుజాత_విశాఖ

నియమాలు ఎక్కువేమీ కాదు, హైవే బాటసారి గారూ. నగరంలో నేను లీవరు 2హెచ్‌లోనే (రెండు చక్రాలకే శక్తి అందే మామూలు గేరు) ఉంచుతాను, ఇంట్లో మిగతావాళ్లు దాన్ని ముట్టుకోరు. మిగిలినదంతా మామూలు కారే.

కాఫీతోట

భద్రత గురించి ఎవరూ రాయలేదు. చాసీ బండ్లు ప్రమాదంలో నలగవని, దెబ్బంతా లోపలివారికే తగులుతుందని విన్నాను.

మెకానికల్ మాస్టారు

పాత చాసీ బండ్ల విషయంలో ఆ మాటలో నిజముంది. ఇప్పుడది నిర్మాణం మీద ఆధారపడుతుంది. ల్యాడర్ చాసీ మీదే నిర్మించిన థార్ 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే, బండిని ఢీకొట్టి చూసే భద్రతా పరీక్షలో 4 నక్షత్రాలు, ఐదు తలుపుల థార్ రాక్స్ 2024లో భారత్ ఎన్‌క్యాప్‌లో 5 నక్షత్రాలు తెచ్చుకున్నాయి. మూడు తలుపుల జిమ్నీకి 2018లో యూరో ఎన్‌క్యాప్ 3 నక్షత్రాలిచ్చింది. భారతదేశపు జిమ్నీలో ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌పీ (బండి అదుపు తప్పకుండా చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసే ఏర్పాటు) అన్ని వేరియంట్లలోనూ వస్తాయి. భద్రత ఒక్కటే కొలమానమైతే థార్ వైపే మొగ్గాలి.

ఎత్తుగా, సన్నగా ఉన్న బండి కనుక హఠాత్తుగా స్టీరింగు తిప్పే అలవాటు మానుకోవాలి. ఇదే వంశపు సమురాయ్ మీద అమెరికాలో 1988లో వినియోగదారుల పత్రిక ఒకటి బోల్తాపడే స్వభావం ఉందని వేసిన నింద కోర్టుకెక్కి, 2004లో గాని రాజీ కుదరలేదు. ఈఎస్‌పీ వచ్చాక పరిస్థితి చాలా మెరుగుపడింది, కానీ ఈఎస్‌పీ ఉన్నా భౌతికశాస్త్రం మారదు. ఘాటు మలుపులో కారు నడిపే వేగంతో దీన్ని నడపకూడదు.

మెల్‌బోర్న్ తెలుగు

టైర్ల గురించి ఒక మాట. కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైర్లు రోడ్డు వైపు మొగ్గినవి. మట్టిదారికి ఆల్ టెర్రెయిన్ రకం వేసుకుంటే ఏ ఇతర ఖర్చూ ఇవ్వనంత తేడా కనిపిస్తుంది. అయితే కొలత మాత్రం మార్చకండి. పెద్ద టైరు వేస్తే ఇప్పటికే నీరసంగా ఉన్న ఇంజినుకు చక్రాలను తిప్పడం ఇంకా బరువవుతుంది.

రేగడినేల

చట్టం కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన కొలతలకు భిన్నంగా మార్పులు చేయించకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ముందు బిగించే ఇనుప బుల్‌బార్లను కేంద్రం 2017 లోనే వద్దంది. షోరూము పక్కనే ఉన్న యాక్సెసరీ దుకాణంవాడు మాత్రం ఇవేవీ చెప్పడు.

కాఫీతోట

హైవే బాటసారి గారి లెక్క నన్ను బాగా ఆలోచింపజేసింది. ఏడాదిలో హైదరాబాదు ప్రయాణాలను రైలుకు మార్చుకుంటే ఆ లోపాల్లో సగం నాకు తగలవు. తోట దారిని మాత్రం రైలుకు మార్చుకోలేను. కాబట్టి జిమ్నీ వైపే ఉన్నాను. మాన్యువలా, ఆటోమేటిక్కా అన్నది చివరి ప్రశ్న.

సుజాత_విశాఖ

నగరం కోసమైతే ఆటోమేటిక్కే. నాలుగు గేర్లే ఉన్న పాతకాలపు టార్క్ కన్వర్టరు, చురుకుదనం ఆశించకండి. పైడిమాంబ పండుగ రోజుల్లో విజయనగరం ట్రాఫిక్కులో కూడా ఎడమకాలు విశ్రాంతిగా ఉంది, నాకు అది చాలు.

మెకానికల్ మాస్టారు

మీ దారికి నేను మాన్యువలే చెబుతాను. ఎక్కడంలో రెండూ సమానమే, ఆ మాటకొస్తే రాళ్ల మీద ఆటోమేటిక్ సాఫీగా ఎక్కుతుంది. తేడా దిగడంలో ఉంది. 4ఎల్‌లో పెట్టి మొదటి గేరులో వదిలితే ఇంజినే బండిని పట్టి ఆపుతుంది, బ్రేకు మీద కాలు పెట్టే అవసరం రాదు. తడి ఎర్రమట్టి మీద బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుని బండి పక్కకు జారుతుంది కనుక ఇది ముఖ్యం. ఆటోమేటిక్‌లో ఈ పట్టు తక్కువ, హిల్ డిసెంట్ కంట్రోలు (వాలులో తనంతట తానే బ్రేకు వేస్తూ మెల్లగా దించే ఏర్పాటు) మీద ఆధారపడాలి.

కొనేముందు షోరూమువారిని నగరంలో ఒక రౌండు కాకుండా, 4ఎల్ వేసి ఏదైనా వాలులో దించి చూపించమని అడగండి. చాలామంది సేల్స్‌వారికి ఆ లీవరు వేయడం రాదు, మీరే వేయవలసి ఉంటుంది. లీవరును బలంగా తోయకండి. సూచిక దీపం వెలగకపోతే న్యూట్రల్‌లోకి తెచ్చి, బండిని ఒక అడుగు కదిపి మళ్లీ ప్రయత్నించండి, పళ్లు కలుస్తాయి.